పండ్ల డాక్టరు ముఖ్యమంత్రి అయితే

కడపలో పండ్ల డాక్టరంటే పన్ను పీకి, గుంతకు సిమెంటు పెట్టే మనిషని లెక్క. బండి మీద నుంచి పడి దవడ విరిగినా ప్రభుత్వ దంత వైద్య కళాశాలకే పోవాలంటే నమ్మరు. త్రిపుర ముఖ్యమంత్రి మాణిక్ సాహా ఆ దవడల సర్జనే. బీడీఎస్ పాట్నాలో, ఎండీఎస్ లక్నోలో. తర్వాత అగర్తల దగ్గర హపానియాలో త్రిపుర మెడికల్ కాలేజీలో ప్రొఫెసరు.

2016లో కాంగ్రెస్ విడిచి బీజేపీలో చేరారు, 2020లో రాష్ట్ర అధ్యక్షుడయ్యారు. 2022 ఏప్రిల్‌లో రాజ్యసభ, మే 15న ముఖ్యమంత్రి. ఎంపీ పదవి ఇక్కడ పనికిరాదు. రాజ్యాంగం 164(4) అధికరణం ప్రకారం ఆరు నెలల్లో రాష్ట్ర చట్టసభలో సభ్యుడు కావాలి, లేకుంటే పదవి పోతుంది. 1991లో ప్రధాని అయిన పి.వి.ని నంద్యాలకు తెచ్చిన గడువు కూడా ఇలాంటిదే. సాహా జూన్‌లోనే టౌన్ బర్దోవాలి ఉప ఎన్నికలో గెలిచారు. 2023లో మళ్లీ అక్కడే గెలిచినా మెజారిటీ బాగా తగ్గింది.

పేపర్లకెక్కింది మాత్రం 2023 జనవరి నాటి ఆపరేషన్. పాత కాలేజీకే వెళ్లి, పదేళ్ల పిల్లాడి నోట్లో సిస్టు, అంటే నీటి తిత్తి తీశారు. అరగంట పట్టిందట. ముందే అన్నీ సిద్ధం చేసే టీమ్ ఉంటే అరగంట పట్టే పనే.

ఇలాంటి కేసులో అసలు పని కత్తి పట్టకముందే ఉంటుంది. ఎక్స్‌రే తీశాక లావు సూది గుచ్చి లాగి చూస్తారు. గడ్డి రంగు నీరొస్తే సిస్టు. గాలొస్తే సూది సైనస్‌లో, అంటే ముక్కు పక్కన ఎముకలోని గాలి గదిలో ఉంది. ఎర్రగా రక్తం ఉబికితే అక్కడితో ఆపాలి, రక్తనాళాల గడ్డ కావచ్చు. తర్వాత చిగురు కోసి పైకెత్తి, పలచబడ్డ ఎముకలో కిటికీ తెరిచి, తిత్తి పొరను చినగకుండా ఒలవాలి. ముక్క మిగిలితే మళ్లీ పెరుగుతుంది. పిల్లల్లో ఇంకా రాని పండ్లు ఆ పక్కనే ఉంటాయి, తొందరపడితే వాటికే దెబ్బ. తిత్తి మరీ పెద్దదైతే మొత్తం తీయకుండా నోట్లోకి తెరిచి పెట్టి, నెలల తరబడి సెలైన్‌తో కడిగించి చిన్నది చేస్తారు. తల్లిదండ్రులు కడగడం మానేస్తే రంధ్రం పూడుకుపోయి కథ మొదటికొస్తుంది.

తీసిన పొర ఫార్మలిన్ సీసాలో బయాప్సీకి పోవాల్సిందే. ఆ గుంతలో ఎముక నిండడానికి ఆర్నెల్లు, ఏడాది. అందాకా ఎక్స్‌రేలకు పిల్లాణ్ని తిప్పుతూనే ఉండాలి.