పాత గేర్‌బాక్స్, కొత్త ఇంజన్: పైలట్ బేరింగ్ ఏది పెట్టాలి?

గరాజ్‌లో ఉన్న మా 1984 షెవ్రొలే సీ10 ట్రక్కులోంచి పాత వీ8 దిగిపోయింది. దాని చోటికి జంక్‌యార్డ్‌లో కొన్న సిల్వరాడో ట్రక్కు 5.3 లీటర్ల ఎల్‌ఎస్ ఇంజన్ (జనరల్ మోటార్స్ కొత్త తరం వీ8) ఎక్కుతోంది. అది ఆటోమేటిక్ బండిలోంచి వచ్చింది. గేర్‌బాక్స్ మాత్రం ట్రక్కుతో పుట్టిన ఎస్‌ఎం465 నాలుగు గేర్లదే. దాని మొదటి గేరు నిష్పత్తి 6.55, అందులో బండి ఎడ్లబండి కంటే నెమ్మదిగా కదులుతుంది. బరువు ఎక్కువే, పాతదే, అయినా దాన్ని మార్చే ఉద్దేశం నాకు లేదు. తంటా అంతా అక్కడే మొదలవుతుంది.

క్లచ్ కిట్ అమ్మినవాళ్లు క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్‌తో పాటు చిన్న ప్లాస్టిక్ సంచిలో ఒక నీడిల్ బేరింగ్ (సూదుల్లాంటి సన్నటి రోలర్లు ఉండేది) వేసి పంపారు. సంచి మీద 'ఎల్‌ఎస్ పైలట్' అని రాసుంది. అబద్ధం కాదు. కాకపోతే అది ఏ గేర్‌బాక్స్‌కి అని వాళ్లు అడగలేదు.

ఈ బేరింగ్ పనేంటో ముందు చెప్పుకుందాం. గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సన్నటి కొన వెళ్లి ఇంజన్ క్రాంక్‌షాఫ్ట్ (క్రాంక్) వెనక భాగంలో ఉన్న రంధ్రంలో కూర్చుంటుంది. ఆ కొన అటూ ఇటూ ఊగకుండా పట్టుకునేదే పైలట్. క్లచ్ వదిలి బండి నడుపుతున్నంతసేపూ క్రాంకూ షాఫ్టూ ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి దీనికి దాదాపు పని ఉండదు. పెడల్ తొక్కినప్పుడు రెండింటి వేగాలూ వేరవుతాయి, అప్పుడే దీనికి అసలు పని. సిగ్నల్ దగ్గర గేరు వేసి, పెడల్ తొక్కిపట్టి కూర్చునే అలవాటు ఉన్నవాళ్లు దీన్ని తొందరగా అరగదీస్తారు.

జనరల్ మోటార్స్ పాత స్మాల్ బ్లాక్ వీ8తో పోలిస్తే ఎల్‌ఎస్ క్రాంక్ వెనక ఫ్లాంజ్ (ఫ్లైవీల్ బిగించే అంచు) 0.400 అంగుళం, అంటే సుమారు 10 మిల్లీమీటర్లు, ఇంజన్ లోపలివైపు ఉంటుంది. 1999, 2000లలో వచ్చిన కొన్ని 6.0 లీటర్ల ట్రక్కు ఇంజన్లలో మాత్రం పొడవు క్రాంక్ ఉంటుంది, వాటికి ఈ గొడవ లేదు. నా 5.3ది పొట్టి క్రాంకే. దాని వెనక రెండు మెట్లుగా రంధ్రం ఉంటుంది: లోపల 1.094 అంగుళాల చిన్నది, బయట 1.705 అంగుళాల పెద్దది. కిట్‌లో వచ్చిన బేరింగ్ లోపలి దాంట్లో కూర్చుంటుంది. ఎల్‌ఎస్ కోసమే చేసిన గేర్‌బాక్స్ షాఫ్ట్ అక్కడిదాకా వెళ్తుంది. పాత స్మాల్ బ్లాక్ కొలతలకు చేసిన నా షాఫ్ట్ మాత్రం బేరింగ్ అంచును ముట్టుకుని ఆగిపోతుంది. మోసం ఏంటంటే, గేర్‌బాక్స్ బోల్టులు ఏ ఇబ్బందీ లేకుండా బిగుసుకుంటాయి, బండి కూడా నడుస్తుంది. కొన్నాళ్లకు ఆ కొన బేరింగ్ అంచును తినేశాకే చప్పుడు మొదలవుతుంది.

అందుకే నేను పార్ట్ నంబర్ల కంటే ముందు లోతు కొలిచే డెప్త్ గేజ్ తీస్తాను. బెల్ హౌసింగ్‌కి (ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్‌ని కప్పే గంట ఆకారపు డొప్ప) గేర్‌బాక్స్ బిగించి, ఇంజన్ వైపు ముఖం మీద స్టీలు స్కేలు ఆనించి, షాఫ్ట్ కొన ఆ ముఖం దాటి ఎంత బయటికి వచ్చిందో చూడాలి. తర్వాత బ్లాక్ వెనక ముఖం నుంచి బేరింగ్ అంచు ఎంత లోతులో ఉందో కొలవాలి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే కొన బేరింగ్‌లోకి ఎంత దిగుతుందో తేలిపోతుంది. కొన చివర ఏటవాలుగా చెక్కిన భాగాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. సమంగా ఉన్న భాగమే బేరింగ్ మీద ఆనాలి. కొన అటు చివర క్రాంక్‌కి గుద్దుకోకుండా ఖాళీ కూడా మిగలాలి.

అలా చూస్తే నాకు రెండు దారులు కనిపించాయి. ఒకటి, బయటి పెద్ద రంధ్రంలో కూర్చునే పెద్ద నీడిల్ బేరింగ్. రెండోది, అదే రంధ్రంలో కూర్చుని గేర్‌బాక్స్ వైపు కాస్త పొడుచుకొచ్చే పొడవు కంచు బుష్ (రోలర్లు లేని ఉత్త గొట్టం). రెండింటి లోపలి కొలతా నా షాఫ్ట్ కొనకు తగినదే, 0.590 అంగుళం.

వీడియో కాల్‌లో బాబాయికి చూపించాను. విజయవాడ ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి లేత్ నడిపిన మనిషి. "ఇంత ఆలోచనెందుకురా, గన్‌మెటల్ బుష్ ఒకటి తిప్పించి కొట్టెయ్, అరగంట పని" అన్నాడు. "ఇక్కడ అరగంటకు లేత్ వాడు తీసుకునే డబ్బుతో రెడీమేడ్ బుష్‌లు నాలుగొస్తాయి బాబాయ్" అన్నాను. డబ్బు సంగతి అలా ఉంచితే, నాకు కావలసింది మామూలు గన్‌మెటల్ కాదు. నూనె పీల్చుకునే సన్నటి రంధ్రాలున్న సింటర్డ్ కంచు (పొడిని నొక్కి, కాల్చి చేసేది). దాన్ని ఇంజన్ ఆయిల్‌లో నానబెట్టి పెడితే పని చేస్తున్నప్పుడు తన నూనె తనే వదులుతుంది. గ్రీజు పూస్తే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. కొనేముందు అయస్కాంతం ఆనించి చూడండి. అతుక్కుందంటే అందులో ఇనుము ఉన్నట్టే, అలాంటి చవక బుష్ షాఫ్ట్‌ని కోసేస్తుంది.

నేను బుష్‌కే ఓటేశాను. నీడిల్ బేరింగ్ చెడ్డదని కాదు. దానికి గట్టి, నున్నటి కొన కావాలి, సూటిగా కూర్చున్న షాఫ్ట్ కావాలి. నా షాఫ్ట్ కొన మీద పాత బుష్ వదిలిన చిన్న గాడి గోటికి తగులుతోంది. ఆ గాడి మీద నీడిల్స్ ఎక్కువ కాలం తిరగవు. పైగా నీడిల్ పగిలితే షాఫ్ట్‌ని కూడా చెక్కేస్తుంది, బుష్ అయితే చాలావరకు తనే అరిగిపోతుంది. కొత్త షాఫ్ట్ ఉన్న ఎల్‌ఎస్ గేర్‌బాక్స్ అయితే కిట్‌లోని నీడిల్ బేరింగే వేసి ముందుకు పోయేవాణ్ని.

ఏది వేసినా బెల్ హౌసింగ్ సెంటర్ చూడకపోతే ఖర్చు బూడిదలో పోసినట్టే. క్రాంక్‌కి డయల్ గేజ్ తగిలించి బెల్ మధ్య రంధ్రం చుట్టూ తిప్పాలి. 5 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) దాటకూడదు. డయల్ చూపించేది రెట్టింపు అని మర్చిపోకండి: నాది 12 చూపించింది, అంటే అసలు పక్కకు జరిగింది 6. 7 థౌ ఆఫ్‌సెట్ డోవెల్ పిన్నులు (బెల్ హౌసింగ్‌ని బ్లాక్ మీద సరైన చోట నిలిపే పిన్నులు, మధ్య కాస్త పక్కకు జరిపి చేసినవి) వేసి, తిప్పి సర్దితే 3కి వచ్చింది. గరాజ్ తలుపు తీసి ఈ పని చేస్తుంటే డ్రైవ్‌వే మీద ఇంజన్ కనిపిస్తోందని హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నుంచి ఉత్తరం వచ్చింది. అది వేరే కథ.

బుష్‌ని రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి, బయటి అంచుకు సరిపోయే సాకెట్ ఆనించి కొట్టాను. లోపలి అంచు మీద దెబ్బ పడకూడదు. లోపలికి దిగాక బుష్ కాస్త బిగుసుకుంటుంది కాబట్టి, గేర్‌బాక్స్ ఎత్తే ముందే కొలత సరిపోతుందో లేదో చూడాలి. నా దగ్గర విడి ఇన్‌పుట్ షాఫ్ట్ ఉంది, దాన్ని దూర్చి చేత్తో తిప్పి చూశాను. పట్టేయకుండా, లూజుగా కదలకుండా తిరిగింది.

బండి రోడ్డెక్కాక మీరు వినాల్సింది ఇది. గేరు వేసి, పెడల్ పూర్తిగా తొక్కి, బండి కదలకుండా నిలబెట్టినప్పుడు కూత వస్తే పైలట్‌ని అనుమానించండి. పెడల్ మీద కాలు ఆనించగానే వస్తే రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే ప్రెషర్ ప్లేట్‌ని నొక్కేది). న్యూట్రల్‌లో పెడల్ వదిలితే వచ్చి, తొక్కితే పోతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ బేరింగ్. కూత లేకుండా పెడల్ తొక్కినా రివర్స్ గేరు కరకరలాడుతుంటే, పైలట్ పట్టేసి షాఫ్ట్‌ని తనతో తిప్పుతోందేమో చూడండి. క్లచ్ అడ్జస్ట్‌మెంట్ సరిగ్గా లేకపోయినా ఇలాగే అవుతుంది కాబట్టి ముందు అదే చూసుకోండి, దానికి గేర్‌బాక్స్ దించక్కర్లేదు.