కడుపుతో ఉన్నప్పుడు తలనొప్పి అంటే

లండన్‌లో ఒక ప్రభుత్వాసుపత్రి ప్రసూతి విభాగంలో రీసెర్చ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ అడిగే మాట ఒకటే, "ఇంతకీ నువ్వు పురుళ్లు పోస్తావా, పొయ్యవా?" అని. పొయ్యను. కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగి, దాంతోపాటు మూత్రంలో ప్రొటీన్ పోవడం లాంటివి కనపడితే దాన్ని డాక్టర్లు ప్రీఎక్లాంప్సియా అంటారు, అది ముదిరి ఫిట్స్ వస్తే మన వైపు పాత నర్సమ్మలు గుర్రపువాతం అనేవారు. దాని మీద జరిగే అధ్యయనాల్లో చేరతారా అని గర్భిణులను అడగడం, చేరినవాళ్లకు రక్తం తియ్యడం, బీపీ చూడటం, కాన్పయ్యేదాకా వాళ్ల వివరాలన్నీ తప్పుపోకుండా రాయడం, ఇదీ నా ఉద్యోగం. రోజులో సగం కంప్యూటర్ ముందే గడుస్తుంది. అయినా ఈ పని విలువ ఏంటో నేను ఇక్కడికి రాకముందే చూశాను.

నర్సింగ్ అయ్యాక తెలంగాణలో ఒక జిల్లా ఆసుపత్రి లేబర్ రూమ్‌లో చేశాను. రాత్రిపూట 108లో ఫిట్స్‌తో తెచ్చేవారు. చిన్న వయసు ఆడపిల్లలు, తొలి కాన్పు, నాలుక కొరుక్కుని నోటినిండా రక్తం, పక్కన తల్లో అత్తగారో "పొద్దున్నించీ తలనొప్పి అంటోందమ్మా, ఎండదెబ్బ అనుకున్నాం" అని ఏడుస్తూ. మేం ఇచ్చేది మెగ్నీషియం సల్ఫేట్. నరంలోకి నాలుగు గ్రాములు నిదానంగా, తర్వాత రెండు పిర్రల్లోనూ ఐదేసి గ్రాములు లోతుగా. ఆ ఇంజెక్షన్ నొప్పికి స్పృహ లేని మనిషి కూడా మూలుగుతుంది. ఆ తర్వాత రాత్రంతా మోకాలి మీద తట్టి కాలు ఎగురుతుందో లేదో చూడటం, ఊపిరి లెక్కపెట్టడం, యూరిన్ బ్యాగ్‌లో ఎంత వచ్చిందో రాసుకోవడం, మందు ఎక్కువైతే విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ చేతికందేలా పెట్టుకోవడం.

ఈ మందు మంచిదని మా పుస్తకంలో ఒక లైను ఉండేది, అంతే. ఆ లైను వెనక ఎవరున్నారో ఇక్కడికొచ్చాక చదివాను. ఫిట్స్ వచ్చినవాళ్లకి డయజెపామ్, ఫెనిటాయిన్‌ల కంటే మెగ్నీషియమే మేలని 1995లో తేల్చిన అధ్యయనంలో మన దేశపు ఆసుపత్రులూ ఉన్నాయి. తర్వాత 2002లో మ్యాగ్‌పై ట్రయల్ అనే అధ్యయనం. ఆక్స్‌ఫర్డ్ నుంచి నడిపారు, 33 దేశాలు, పదివేల మందికి పైగా తల్లులు. ఫిట్స్ రాకముందే ఈ మందు ఇస్తే అవి వచ్చే ప్రమాదం సగానికి పైగా తగ్గుతుందని అందులో తేలింది. బీపీ పెరిగి, భయంతో ఉన్న ఆ వేళలో ఆ పదివేల మంది, లేదంటే వాళ్ల తరఫున ఇంట్లోవాళ్లు, సరే అన్నారు. వాళ్లు కాదంటే ఆ రాత్రి నా సిరంజిలో ఏ మందు ఉండేదో. అందుకే ఇక్కడ ఒక గర్భిణి పక్కన కూర్చుని అధ్యయనం గురించి చెప్పేటప్పుడు నేను తొందరపడను.

ఈ జబ్బు మూలం మాయలో, అంటే ప్లాసెంటాలో ఉంది. గర్భం తొలి నెలల్లో తల్లి గర్భసంచిలోని సన్న రక్తనాళాలు బాగా వెడల్పు కావాలి, చిన్న పిల్లకాలువని పంట కాలువగా తవ్వినట్టు. కొందరిలో అది సరిగ్గా జరగదు. మాయకి రక్తం చాలదు, అది కొన్ని పదార్థాలను తల్లి రక్తంలోకి ఎక్కువగా వదులుతుంది, వాటివల్ల ఆమె ఒంట్లోని రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. బీపీ పెరగడం, మూత్రంలో ప్రొటీన్ పోవడం, తలనొప్పి, కళ్లముందు మెరుపులు, కుడి పక్కటెముకల కింద నొప్పి, అన్నీ దాని ఫలితాలే. మన దేశం నుంచి అమెరికా వెళ్లిన డాక్టర్ అనంత్ కరుమంచి బృందం 2003లో బోస్టన్‌లో ఆ పదార్థాల్లో ముఖ్యమైనదాన్ని పట్టుకుంది. ఇవాళ మేం క్లినిక్‌లో చేసే పీఎల్‌జీఎఫ్ (మాయ నుంచి వచ్చే ఒక ప్రొటీన్) రక్తపరీక్ష ఆ దారిలో వచ్చిందే. బీపీతో వచ్చిన మనిషికి ఇది నిజంగా ప్రీఎక్లాంప్సియానా కాదా అని త్వరగా తేల్చడానికి పనికొస్తుంది. బ్రిటన్‌లో 11 ఆసుపత్రుల్లో చేసిన అధ్యయనంలో రోగ నిర్ధారణకు పట్టే సమయం నాలుగు రోజుల నుంచి రెండు రోజుల లోపుకి వచ్చింది. మామూలు జ్వరానికైతే రెండు రోజులు పెద్ద విషయం కాదు, ఈ జబ్బులో చాలా పెద్ద విషయం.

నివారణ సంగతికొస్తే ఆస్పిరిన్. ఇక్కడే మనవాళ్లతో నాకు అసలు పని పడుతుంది. లండన్ కింగ్స్ కాలేజ్ ఆసుపత్రి ప్రొఫెసర్ కిప్రోస్ నికొలాయిడిస్ ఆధ్వర్యంలో జరిగిన ఆస్ప్రే ట్రయల్ ఫలితాలు 2017లో వచ్చాయి. రిస్క్ ఎక్కువున్న తల్లులకి 11 నుంచి 14 వారాల మధ్య మొదలుపెట్టి 36 వారాల దాకా రోజూ రాత్రి 150 మిల్లీగ్రాములు ఇచ్చారు. నెలలు నిండకముందే కాన్పు చెయ్యాల్సినంత తీవ్రంగా వచ్చే రకం, పోలిక కోసం ఇచ్చిన ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 4.3 శాతం మందికి వస్తే, ఆస్పిరిన్ వేసుకున్నవాళ్లలో 1.6 శాతానికి తగ్గింది. నెలలు నిండాక వచ్చే రకం మీద చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు, అదీ చెప్పాలి. ఇంకో సంగతి, మాత్రలు దాదాపు మానకుండా వేసుకున్నవాళ్లకే లాభం ఎక్కువ దక్కింది.

ఇప్పుడు ఇదే మాత్ర మన ఇళ్లలో ఎవరికి తెలుసు? ఎకోస్ప్రిన్ అంటే నాన్నకి స్టెంట్ వేశాక రాసిన మాత్ర. "గుండె జబ్బు మాత్ర కడుపుతో ఉన్న పిల్లకెందుకు, రక్తం పల్చబడుతుంది, మానెయ్" అని ఇండియా నుంచి వీడియో కాల్‌లో ఒక్క మాట చాలు, డబ్బా అల్మరాలోకి వెళ్లిపోతుంది. వాళ్లని తప్పుపట్టను, ప్రేమతోనే చెప్తారు, ఎవరూ వాళ్లకి విషయం చెప్పలేదు. అందుకే మాత్ర రాసిచ్చిన రోజునే నేను అడుగుతాను, "ఇంట్లో పెద్దవాళ్లు వద్దంటే ఏం చెప్తావమ్మా?" అని. ఈ ప్రశ్న మా ఫారాల్లో ఎక్కడా లేదు, ఉండాలని మా మీటింగుల్లో చెప్తూనే ఉన్నాను.

ఇక్కడ మనవాళ్లు అధ్యయనాల్లో చేరడం తక్కువ. తూర్పు లండన్‌లోని ఈస్ట్ హామ్ లాంటి చోట్ల తెలుగు కుటుంబాలు బాగా పెరిగాయి, చదువుకోవడానికి వచ్చినవాళ్లు, ఉద్యోగాలవాళ్లు, డిపెండెంట్ వీసా మీద వచ్చిన ఆడపిల్లలు. క్లినిక్‌లో నేను పిల్లని అడుగుతాను, జవాబు భర్త చెప్తాడు. "తనకి ఇంగ్లీష్ రాదు మేడమ్, నేను చెప్తాను." నాకు తెలుగు వచ్చని తెలిశాక ఆ అమ్మాయి ముఖం విప్పారుతుంది, కానీ సమ్మతి పత్రం దగ్గరికొచ్చేసరికి మా దగ్గర రూల్ వేరు. నేను తెలుగులో కబుర్లు చెప్పొచ్చు, సమ్మతికి మాత్రం అనువాదకురాలిని ఫోన్‌లో పిలవాలి. మొదట్లో ఇదేం చాదస్తం అనిపించింది, ఇప్పుడు ఆ రూల్ మంచిదే అంటాను. నేను అడిగితే "అక్క అడిగింది కదా" అని మొహమాటానికి సంతకం పెట్టేస్తారు. స్పీకర్ ఫోన్‌లో ముఖం కనపడని ఒక గొంతు "ఇష్టం లేకపోతే కారణం చెప్పక్కర్లేదు, మీ వైద్యానికి ఏ లోటూ రాదు" అని చెప్తే, అప్పుడు నిజంగా ఆలోచిస్తారు. భర్తని కాసేపు బయట కూర్చోమంటాను. ఒక్కోసారి అప్పుడే అసలు మాటలు బయటికొస్తాయి, అమ్మకి కూడా కాన్పులో బీపీ వచ్చిందని, ముందొకసారి గర్భం పోయిందని. తల్లికో అక్కచెల్లెళ్లకో ఈ జబ్బు వచ్చి ఉండటం రిస్క్ లెక్కలో ఉంటుంది.

ఎనిమిదో నెలలో ఉన్న ఒకమ్మాయి సంగతి, గుర్తుపట్టే వివరాలు మార్చి చెప్తున్నాను. అధ్యయనం కోసం రక్తం ఇవ్వడానికి వచ్చింది, చెప్పుల పట్టీలు పాదంలో దిగబడి ఉన్నాయి. ఎలా ఉన్నావంటే "బాగానే ఉన్నానక్కా, కొంచెం నీరు పట్టింది, అమ్మ బార్లీ నీళ్లు తాగమంది" అంది. ఐదు నిమిషాలు కూర్చోబెట్టాను, కాళ్లు నేలకానించి, చెయ్యి గుండె ఎత్తులో దిండు మీద పెట్టి, మాట్లాడొద్దని చెప్పి, ఆమె చేతి లావుకి సరిపోయే బీపీ పట్టీ వెతికి చుట్టాను. చిన్న పట్టీ బీపీని ఎక్కువ చూపిస్తుంది, మరీ పెద్దది తక్కువ చూపిస్తుంది, ఇంకా కొన్ని మెషీన్లు ఈ జబ్బున్నవాళ్లలో తక్కువే చూపిస్తాయి, అందుకే గర్భిణుల్లో పరీక్షించి ఓకే చేసినవే వాడతాం. 158 మీద 104. మళ్లీ చూశాను, అంతే. తలనొప్పి ఉందా అంటే రెండు రోజులుగా ఉందంది, నిద్ర చాలక అనుకుందట. మూత్రంలో ప్రొటీన్ రెండు ప్లస్. అధ్యయనం పక్కనపెట్టి డాక్టర్‌ని పిలిచాను, అరగంటలో వార్డులో ఉంది, బీపీ తగ్గించే లాబెటలాల్ మొదలుపెట్టారు. కొద్ది రోజులకి కాన్పు చేశారు, బిడ్డ నెలలు నిండకముందే పుట్టినా ఇద్దరూ బాగున్నారు.

ఆ అమ్మాయి రెండు రోజులు ఎందుకు ఆగిందని అడిగితే "చిన్న తలనొప్పికి ఆసుపత్రికి వస్తే ఏమనుకుంటారో" అంది. వీసాతోపాటే హెల్త్ సర్‌ఛార్జ్ కట్టి ఉన్నారు, విడిగా బిల్లు రాదు, ఫోన్ నంబర్ ఫైలు మీదే ఉంది, రాత్రి రెండింటికి చేసినా కాన్పులు చూసే మిడ్‌వైఫ్ ఎత్తుతుంది. అయినా మొహమాటం. ఈ మొహమాటం గురించి నాకు చాలా కోపం, దుఃఖం కూడా.

బ్రిటన్‌లో 1952 నుంచి తల్లి మరణాల మీద విచారణ నడుస్తోంది, ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ నుంచి ఏటా నివేదిక వస్తుంది. పేర్లు లేకుండా కేసు షీట్లన్నీ నిపుణులు చదువుతారు, ఇంకేం చేసి ఉంటే బతికేది అని చూస్తారు. 2020-22 లెక్కల్లో ఆసియా మూలాల తల్లుల మరణాల రేటు తెల్లవాళ్ల కంటే దాదాపు రెట్టింపు, నల్లజాతి తల్లులది దాదాపు మూడు రెట్లు. మన దగ్గర సంఖ్యలు బాగా తగ్గాయి, 2018-20లో ప్రాణంతో పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకి తల్లి మరణాలు దేశం మొత్తం మీద 97 అయితే తెలంగాణ 43, ఆంధ్రప్రదేశ్ 45. ఆశా వర్కర్లు, ఏఎన్ఎంలు గడప గడపకీ తిరిగి సాధించిన సంగతి అది. మరణాల సమీక్షలు మన దగ్గరా ఉన్నాయి, కానీ నేను చూసినంతలో అవి తప్పెవరిదో తేల్చే పంచాయితీలా నడిచేవి, దెబ్బ చివరికి చిన్న ఉద్యోగి మీద పడేది, దాంతో తర్వాతి కేసులో అందరూ కాగితాలు సర్దుకునేవారు. ఇక్కడి పద్ధతిలో నాకు నచ్చింది శిక్ష భయం లేకుండా అడగడం.

కాన్పుతో ఈ జబ్బు వెంటనే అయిపోదు. పురిట్లో, ఆరు వారాల దాకా కూడా బీపీ పెరగొచ్చు, ఫిట్స్ రావొచ్చు. ఆ రోజుల్లో ఇంట్లో ఉండేది ఇండియా నుంచి విజిట్ వీసా మీద వచ్చిన అమ్మ. అందుకే డిశ్చార్జ్ రోజున అమ్మని కూడా కూర్చోబెట్టి తెలుగులో చెప్తాను: తలనొప్పి తగ్గకపోయినా, కళ్లు మసకబారినా, పక్కటెముకల కింద నొప్పన్నా కాఫీ ఇచ్చి పడుకోమనకండి, ఫోన్ చెయ్యండి. ఇంకోటి, ఒకసారి ఈ జబ్బు వచ్చినవాళ్లకి మళ్లీ కాన్పులో వచ్చే అవకాశం ఉంది, పెద్దయ్యాక బీపీ, గుండెజబ్బు, పక్షవాతం ముప్పూ ఎక్కువే, కాబట్టి ఏడాదికొకసారైనా బీపీ చూపించుకోవాలి. మనవాళ్లలో చాలామంది రెండో కాన్పుకి ఇండియా వెళ్లిపోతారు. డిశ్చార్జ్ కాగితాలు వీసా కాగితాలతో కలిపి దాచమంటాను. రెండో గర్భం తెలియగానే గుంటూరులోనైనా వరంగల్‌లోనైనా డాక్టర్‌కి మొదటి రోజే అవి చూపించాలి, 12 వారాలకల్లా ఆస్పిరిన్ మొదలుపెట్టాలో లేదో ఆ డాక్టర్ చూసుకుంటారు.