ఫ్లాట్‌లో మండువా గుమ్మం

ఇంటీరియర్ వాళ్లని ముగ్గుర్ని పిలిస్తే ముగ్గురూ ఒకటే బొమ్మ చూపించారు. హాల్లో ఓ మూల బుద్ధుడి తల, దాని ముందు ఉరుళి అనే వెడల్పాటి ఇత్తడి పాత్ర, అందులో ప్లాస్టిక్ కలువలు, వెనకాల మిషన్ మీద కోసిన ఎండీఎఫ్ (చెక్కపొడితో చేసిన అట్ట) జాలీ. దానికి 'ఎత్నిక్ కార్నర్' అని పేరు, కొటేషన్‌లో విడిగా ఓ లైను, దాని ఎదురుగా ఓ మోస్తరు కారు సర్వీసింగ్ అంత ఖర్చు. పాత సామానూ, మన పనివాళ్ల చేతి బొమ్మలూ ఇంట్లో ఉండాలని నాకూ ఉంది. కానీ వాటినంతా తెచ్చి ఓ మూలన కూర్చోబెట్టి, తతిమ్మా ఇంటికి సంబంధం లేనట్టు బతకడం నా వల్ల కాదు.

హైదరాబాద్ మియాపూర్‌లో ఫ్లాటు చేతికొచ్చే సమయానికే కోనసీమలో మా తాతగారి మండువా ఇల్లు, అంటే మధ్యలో పైకప్పు లేని వాకిలి ఉన్న పాత పెంకుటిల్లు, బేరం కుదిరింది. కొన్నవాళ్లు పడగొట్టేస్తారు. ఇలాంటప్పుడు తెలుసుకోవాల్సింది ఒకటుంది: ఇల్లు కొన్నవాడు వేరు, పడగొట్టేవాడు వేరు. పడగొట్టే కాంట్రాక్టరు దూలాలు, వాసాలు, తలుపులు, పెంకు మొత్తం గుత్తకి మాట్లాడేసుకుంటాడు. అతను అడ్వాన్సు ఇచ్చేశాక మనం వెళ్లి "మా తాత తలుపండీ" అంటే మార్కెట్ రేటు చెప్తాడు. అందుకని అమ్మకం కాగితం మీదే రాయించుకున్నాం: వీధి గుమ్మం మొత్తం, మండువా స్తంభాలు రెండు, భోషాణం మావి. మిగతా స్తంభాలు బాబాయిల వాటా.

ఊడదీయడం పడగొట్టే కూలీల చేతికి ఇవ్వకూడదు. పాత గుమ్మాల్లో ఇనప మేకులుండవు. ఒక చెక్క కొన ఇంకో చెక్క తొర్రలో దూరి, అడ్డంగా చెక్క మేకు పడుంటుంది. గునపం పెట్టి లేపితే కొన విరుగుతుంది, ఇంక ఆ అతుకు ఈ జన్మకి నిలబడదు. పక్కూరి వడ్రంగి ఆచారి గారిని బతిమాలి తీసుకొచ్చాం. ఆయన ముందు ఆ చెక్క మేకుల్ని వెనక నుంచి చిన్న సుత్తితో తట్టి బయటికి రప్పించి, ఒక్కోదాన్నీ చొక్కా జేబులో వేసుకున్నారు. "ఇవి పారేత్తే మళ్లీ చేయించుకోవాలి అమ్మాయిగారూ, ఈ టేకు ఎక్కడ దొరుకుద్ది?" అన్నారు. ప్రతి ముక్కకీ వెనకవైపు సుద్దతో అంకె వేసి, ఫోన్లో ఫొటో తీసుకున్నాం. గుమ్మం పై చెక్క మీద గజలక్ష్మి, ఆవిడ కింద 'భావ నామ సం. 1934' అని చెక్కి ఉంది. చిన్నప్పటి నుంచీ దాని కింద నుంచి వెళ్లొస్తూనే ఉన్నా, రంగు పూడుకుపోయి ఎవరం ఎప్పుడూ చదవలేదు.

రంగు సంగతి చెప్పాలి. పైన ఆకుపచ్చ, దాని కింద నీలం, దాని కింద చాక్లెట్టు, అడుగున నల్లబడిన వార్నీషు. బందుల దగ్గర పెచ్చులూడిన చోట నాలుగూ ఒకదాని వెనక ఒకటి కనిపించాయి. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉంటుంది. ఇళ్లకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమలైంది 2017 నవంబరు నుంచే. కాబట్టి పొడిగా సాండ్ పేపర్ పట్టించే ఆలోచనే వద్దనుకున్నాం, ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి పోతుంది. కాస్టిక్ సోడా నీళ్లు పోసి కడిగేస్తే ఒక్క పూటలో అయిపోతుందని చాలామంది చెప్పారు. అవుతుంది, టేకు కూడా నల్లబడుతుంది, అతుకులు ఉబ్బుతాయి. మేం ఊళ్లోనే, పెరట్లో, మాస్కులు కట్టుకుని, రంగు ఊడదీసే జెల్ పూసి, మెత్తబడ్డాక రేకుతో గీకించాం. చెక్కుడు పనిలో సందులకి వెదురు పుల్లలు. విసుగు పుట్టించే పని, దగ్గరి దారేమీ లేదు. తర్వాత ఉడికించిన అవిసె నూనెలో టర్పెంటైన్ కలిపి గుడ్డతో రుద్దారు. ఆ గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచి, పరిచి ఆరేసి, అప్పుడు పారేయాలి.

అసలు గొడవ గడప దగ్గర వచ్చింది. తలుపు తెచ్చుకోవడానికి అమ్మకి అభ్యంతరం లేదు, గడప మాత్రం వద్దంది. "పడగొట్టిన ఇంటి గడప కొత్తింట్లోకి తెస్తారే ఎవరైనా?" అని. ఇంతలో డాలస్ నుంచి అన్నయ్య ఫోను: గజలక్ష్మి చెక్క తనకి పంపమని. అప్పుడు చట్టం తిరగేశాను. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన శిల్పం, చిత్రం, చెక్కుడు పని పురావస్తువు కిందకి వస్తుంది. విలువైన రాతప్రతులకైతే 75 ఏళ్లు చాలు. ప్రైవేటు వాళ్లు వాటిని దేశం దాటించడానికి లేదు. అమ్మేవాడికి లైసెన్సు ఉండాలి, విగ్రహాల్లాంటివి మన దగ్గరుంటే నమోదు చేయించాలి. మాది 1934 కనక ఇంకా ఆ లెక్కలోకి రాదు. అయినా విదేశానికి పంపాలంటే కస్టమ్స్ వాళ్లకి అనుమానం రాకుండా, పురావస్తువు కాదని పురావస్తు శాఖ నుంచి సర్టిఫికెట్ తీసుకోవాలి. అది విని అన్నయ్య ఫొటో చాలన్నాడు.

ఇదే చట్టం ఇంకోచోట పనికొచ్చింది. భోషాణానికి జోడీ వెతుకుతుంటే ఓ దుకాణదారు లోపలి గదిలోకి తీసుకెళ్లి, ముక్కు అరిగిన రాతి నంది చూపించాడు. "గుడిదే మేడం, పాతది, గార్డెన్లో పెట్టుకోండి." బిల్లు ఇవ్వనన్నాడు. గుళ్లోంచి ఎలా వచ్చిందో తెలియని రాయిని పూలకుండీల మధ్య పెట్టుకుని కాఫీ తాగడం ఎలా కుదురుతుందో నాకైతే అర్థం కాదు. అదే కొట్లో 'రెండొందల ఏళ్లనాటి' పెట్టె ఒకటి ఉంది. మూత ఎత్తి బందులు చూస్తే అన్నీ ఈ కాలపు ప్లస్ స్క్రూలు. పాతవి కొనేవాళ్లు ముందువైపు చూడ్డం మానేసి వెనకా, అడుగూ చూడాలి. బాడిసె దెబ్బలు ఎగుడుదిగుడుగా ఉంటే పాత పని, మిషన్ రంపం గీతలు ఒకే తీరుగా ఉంటే కొత్త పని.

రవివర్మ ముద్రణలకీ ఇలాంటి పరీక్షే. ఆయన ప్రెస్సు 1894లో బొంబాయిలో మొదలై తర్వాత లోనావాలా దగ్గర మలవలికి మారింది. అక్కడ రాళ్ల మీద ఒక్కో రంగూ విడిగా అచ్చు వేసేవాళ్లు. పాత సామాన్లు అమ్మే జుమేరాత్ బజార్‌లో ఓ సరస్వతి పటం దొరికితే గడియారాల రిపేరు వాళ్ల భూతద్దం పెట్టి చూశాను. రంగు చుక్కలు చేత్తో పెట్టినట్టు చెదురుమదురుగా ఉంటే పాతది. వరసగా, కొలిచి పెట్టినట్టు ఉంటే నిన్నమొన్నటి ఆఫ్‌సెట్ మిషన్ అచ్చు. నా సరస్వతి చుక్కలు పరేడ్‌లో నిలబడ్డ పోలీసుల్లా ఉన్నాయి. ఫ్రేము బావుంది కాబట్టి ఫ్రేము ధరకి కొన్నాను.

కొత్తగా కొన్నవాటిల్లో చేర్యాల పటం నాకు ఎక్కువ ఇష్టం. ఆ పటాలు వేసే నకాషీ వాళ్ల ఇంట్లో పని చూసి, అక్కడే ఆర్డరిచ్చాను. ఖాదీ గుడ్డకి గంజి, సుద్ద, ఉడికించిన చింతగింజల జిగురు కలిపి పూత మీద పూత వేసి ఆరబెడతారు. వేలితో తట్టి చూస్తే గుడ్డలా ఉండదు, పల్చటి అట్టలా టకటకమంటుంది. ఆ పైన ఎర్రటి నేల, దాని మీద మనుషులు. ఒకప్పుడు పదుల అడుగుల పటాన్ని కాస్త కాస్త విప్పుతూ కథ చెప్పేవాళ్లు. పద్మశాలీలకి కథలు చెప్పే కూనపులి వాళ్లు మార్కండేయ పురాణం చెప్పింది ఇలాంటి పటాల మీదే. నేను అందులోంచి మగ్గం నేసే ఒక్క ఘట్టం అడిగాను. దీనికి తడి శత్రువు. బాత్రూమ్ వెనక గోడకీ, తడి గుడ్డ తగిలే చోటా వద్దని వాళ్లే చెప్పారు. అద్దం పటానికి ఆనకుండా చుట్టూ అట్ట వేయించి ఫ్రేము కట్టించాను.

శ్రీకాళహస్తి కలంకారీకి ఎండ శత్రువు. కరక్కాయ, బెల్లంలో నానబెట్టిన ఇనుము, మంజిష్ఠ... వీటితో చేసిన రంగులన్నీ బాల్కనీ ఎండకి వెలిసిపోతాయి. అందుకని ఎండ పడని నడవాలో కర్రకి గుచ్చి వేలాడదీశాం. నిమ్మలకుంట తోలుబొమ్మ మాత్రం ఇందుకు రివర్సు, దానికి వెలుగు కావాలి, అదీ వెనక నుంచి. మేక తోలుని పల్చగా గీకి, రంధ్రాలు కొట్టి చేసింది గోడకి మేకు కొట్టి తగిలిస్తే నల్లటి మచ్చలా ఉంటుంది. గోడకి జానెడు దూరంగా తంతితో కట్టి, వెనక పసుపు వెలుగు ఎల్ఈడీ పెట్టాం. వేడెక్కే బల్బు పెడితే తోలు ముడుచుకుంటుంది. హాల్లో రావణుడేంటని మా ఆయన అన్నారు గానీ, స్విచ్ వేశాక పది తలలూ వెలిగేసరికి ఊరుకున్నారు.

ఇంతకీ గుమ్మం ఎక్కడ పెట్టాం? చుట్టాలందరూ తలుపుని పడుకోబెట్టి పైన గాజు వేసి డైనింగ్ టేబుల్ చేసుకోమన్నారు. తలుపు తలుపుగా ఉంటేనే నాకు బావుంటుంది. పైగా చెక్కుడు సందుల్లో మెతుకులు ఎవరు తీస్తారు? మండువా గుమ్మాలు పొట్టివి, వంగి వెళ్లాలి. ఫ్లాటు తలుపులన్నీ ఏడడుగులు. పూజగదికొచ్చేసరికి కుదిరింది: అక్కడ వంగితే తప్పులేదు. గడప మీద కూడా అమ్మ మెత్తబడింది, దేవుడి గడప అయితే ఎవరి ఇంటిదైతే ఏమిటి అని ఆవిడే సర్దిచెప్పుకుంది. బిగించిన రోజే పసుపు రాసి ముగ్గు వేసింది. నూనె పట్టించిన టేకు మీద పసుపు మరక పోదని నేను అనేలోపే అయిపోయింది.

భోషాణం కింద సన్నటి పిండి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉందని అర్థం. సిరంజితో ఒక్కో బెజ్జంలోకి మందు ఎక్కించి, ప్లాస్టిక్ పట్టాలో చుట్టి ఉంచాక పిండి ఆగింది. ఇప్పుడు పరుపులూ దుప్పట్లూ దాన్లోనే.

స్తంభాలు మాత్రం లిఫ్టులో పట్టలేదు, మెట్ల మలుపు తిరగలేదు. గోనె కట్టి సెల్లార్‌లో మా కారు వెనక నిలబెట్టాం. అసోసియేషన్ సెక్రటరీ గారు మొదట తీసేయమని నోటీసు పెట్టారు. మొన్న ఆయనే వచ్చి, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వినాయక చవితి మండపానికి ఇస్తారా అని అడిగారు. ఇస్తానన్నాను, మేకులు కొట్టనంటేనే.