ఘాటు వచ్చిందా?

మా ఇంట్లో శుక్రవారం రాత్రి సినిమా ఎంచే వంతు ఒక్కో వారం ఒక్కొక్కరిది. నా వంతు వచ్చిందంటే పిల్లలు ముందే మొహాలు ముడుచుకుంటారు. పోయిన వారం నేను ‘ది మిస్ట్రెస్ ఆఫ్ స్పైసెస్’ పెట్టాను. 2005 నాటి ఇంగ్లిష్ సినిమా. ఐశ్వర్యా రాయ్ హీరోయిన్. పేరు తిలో. ఇక్కడే, అమెరికాలో మేముండే శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో మసాలా దినుసుల కొట్టు నడుపుతుంటుంది. కొట్టుకి వచ్చినవాళ్ల కష్టం చెప్పకుండానే కనిపెట్టి, దానికి తగ్గ దినుసు చేతిలో పెడుతుంది. దినుసులు ఆమెతో మాట్లాడతాయి, అలుగుతాయి, తేడా వస్తే శిక్షిస్తాయి. ఆమెకి మూడు కట్టుబాట్లు. కొట్టు గడప దాటకూడదు. మరో మనిషి ఒంటిని తాకకూడదు. దినుసుల శక్తిని తన కోసం వాడుకోకూడదు. కొట్టు ముందు మోటార్‌సైకిల్ మీంచి పడ్డ డగ్ అనే అమెరికన్ లోపలికొచ్చాక ఆ మూడూ ఏమవుతాయో ఎవరైనా ఊహించొచ్చు.

ఈ కథతో నాది పాత పరిచయం. పెళ్లై, భర్త వీసాని బట్టి భార్యకిచ్చే హెచ్4 వీసా మీద కొత్తగా వచ్చిన రోజుల్లో, ఉద్యోగం చేసే వీల్లేక, కారు నడపడం రాక, లైబ్రరీలో పొద్దుపుచ్చేదాన్ని. అక్కడ దొరికింది చిత్రా బెనర్జీ దివాకరుణి 1997లో రాసిన నవల. నవలలో కొట్టు ఉండేది ఓక్లాండ్‌లో. మేముండే ఫ్రీమాంట్‌కి ట్రాఫిక్ లేకపోతే అరగంట. అందులో తిలో ముసలమ్మ. లోపల మనసు పడుచుదే గానీ, నిప్పులోంచి నడిచి వచ్చినందుకు ముడతలు పడ్డ ఒళ్లు వచ్చింది. అద్దం కూడా చూసుకోకూడదు. ఆ రోజుల్లో నాకు ఇరవై నాలుగేళ్లు. అపార్ట్‌మెంట్ కిటికీ దగ్గర కూర్చుని ఆ ముసలమ్మని నేనే అనుకుని చదివాను.

సినిమావాళ్లు ఆ ముసలితనాన్నే తీసేశారు. ఐశ్వర్యా రాయ్‌ని పెట్టుకుని ముడతలు ఎవరు వేస్తారు, నిజమే. కానీ కథలో దెబ్బ తగలాల్సిన చోటు అదే. మా ఆయన మాత్రం అరగంట చూసి, “ఐశ్వర్యా రాయ్ కిరాణా కొట్టు పెడితే లైను ఓక్లాండ్ నుంచి శాన్‌హోసే దాకా ఉండాలి. ఇక్కడ నలుగురే వస్తున్నారేంటి?” అని, ఆ వెంటనే సోఫాలో గుర్రు పెట్టాడు. ఆయన రివ్యూ అంతే.

మా పెద్దదానికి పదహారేళ్లు. దానికి మొదటి పది నిమిషాల్లోనే కోపం వచ్చింది. ఎర్ర మిరపకాయలు తెరంతా నిండిపోయి, పసుపు గాల్లో మెల్లగా ఎగురుతుంటే “క్రింజ్” అంది. ఎందుకే అంటే పాజ్ చేయించి మరీ చెప్పింది. “అమ్మా, ఇది మన కోసం తీసింది కాదు. మనమంటే ఏదో మాయలు, మంత్రాలు, చీరకట్టుకున్న దేవత అనుకునేవాళ్ల కోసం తీసింది. మనింట్లో పసుపు ఎప్పుడైనా గాల్లో ఎగిరిందా? కౌంటర్ మీద మరకైతే నువ్వు అరుస్తావు, అంతే.” చివరికి ఆ పిల్లని బయటి ప్రపంచంలోకి తీసుకెళ్లేవాడు అమెరికనే కావడం దానికి ఇంకా నచ్చలేదు. సినిమా వచ్చినప్పుడు విమర్శకుల్లో చాలామంది పెదవి విరిచారని నాకు తెలుసు. వాళ్ల మాటలు ఇరవై ఏళ్ల తర్వాత నా కూతురి నోట విన్నాను. అది అవన్నీ చదివి కాదు, సొంతంగా అంది. లోపల కాస్త గర్వం కూడా వేసింది, పైకి చూపించలేదు.

కానీ ఒకటి దానికి చెప్పాను. నవల రాసినావిడ బయటినుంచి చూసి రాసినావిడ కాదు. 1991లో ఇదే బే ఏరియాలో, ఇంట్లో హింస పడే దక్షిణాసియా ఆడవాళ్లకి సాయం చేసే ‘మైత్రి’ని మొదలుపెట్టినవాళ్లలో ఆవిడ ఒకరు. కొట్టుకొచ్చే మనుషుల కష్టాలు అందుకే నవలలో అంత నిజంగా తగులుతాయి. “అయితే పుస్తకం చదువుతాలే” అంది. చదువుతుందో లేదో.

మా అత్తగారు ఆర్నెల్ల వీసా మీద వచ్చి ఉన్నారు. తెనాలి దగ్గర పల్లెటూరు వాళ్లది. ఇంగ్లిష్ మాటలు సగమే అర్థమవుతాయి, కానీ కథ మొత్తం పట్టేశారు. ఆవిడకి ప్రేమకథతో పనిలేదు. తాతగారి పాత్రలో అనుపమ్ ఖేర్ ఉన్నాడు. ఇక్కడే పెరిగిన మనవరాలు వేరే జాతివాణ్ణి ప్రేమించిందని తల్లడిల్లిపోతుంటాడు. ఆ సీన్లు వచ్చినప్పుడల్లా కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నారు. అయిపోయాక ఏమంటారో అని నాకు టెన్షన్. “ఆ పెద్దాయన ఇక్కడెందుకు కూర్చున్నాడు, వాళ్ల ఊళ్లో ఉండొచ్చుగా. ఏటా వచ్చి చూసిపోతే గొడవలుండవు” అన్నారు. అది నా కూతురి గురించో, తన గురించో తేల్చుకోలేకపోయాను. ఆ తర్వాత అసలు ఫిర్యాదు: “ఇంతసేపూ దినుసులతో కబుర్లే గానీ, ఒక్క కూర కడుపునిండా వండి పెట్టిందా ఎవరికైనా?”

మిరపకాయల దగ్గర మాత్రం నానమ్మకీ మనవరాలికీ చెడింది. మిరపకాయ మన దేశానిది కాదని, మెక్సికో వైపు నుంచి కొలంబస్ తర్వాత పోర్చుగీసువాళ్లు పడవల్లో తెచ్చారని, అంతకు ముందు మన కారమంతా మిరియాలేనని మా పెద్దది స్కూల్లో చదివింది. ఆవిడ నమ్మలేదు. “గుంటూరు మిరపకాయ వీళ్లదా?” అని నన్ను చూశారు. నేను తలూపాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా చిన్నాడు అన్నాడు, “అయితే నానమ్మ సూట్‌కేసులో రెండు కిలోల కారం తెచ్చిందిగా, వాళ్లది వాళ్లకి తిరిగిచ్చేసినట్టే.”

వాడికి పదకొండేళ్లు. సినిమా అంతా వాడు అన్నది ఆ ఒక్క జోకే. మిగతాసేపు బొమ్మలు గీసుకుంటూనే ఉన్నాడు, జగ్జీత్ అనే సిక్కు కుర్రాణ్ణి స్కూల్లో ఏడిపించే దగ్గర తప్ప. అక్కడ పెన్సిల్ ఆగింది. నవలలో తిలో ఆ పిల్లాడికి దాల్చినచెక్క ఇస్తుంది, స్నేహితుల్ని తెచ్చిపెట్టే దినుసని. వాడికి దొరికే స్నేహితులు చెడ్డవాళ్లవుతారు. “టీచర్‌కి చెప్పొచ్చుగా” అన్నాడు మావాడు, తెర మీంచి చూపు తిప్పకుండా.

రెండో తరగతిలో ఒకరోజు వాడి బ్యాగులో పులిహోర డబ్బా మూత తీయకుండానే వెనక్కి వచ్చింది. అడిగితే ఆకలి లేదన్నాడు. వారం పాటు ఆకలి లేదు. ఇంగువ వాసనకి పక్క పిల్లలు ముక్కు మూసుకున్నారని తర్వాత వాడి అక్క చెప్పింది. అప్పుడు నేనూ టీచర్‌కి చెప్పలేదు. మర్నాటి నుంచి జామ్ రాసిన బ్రెడ్ పెట్టాను. వాడు గెలిచినట్టు కాదు, నేను గెలిచినట్టూ కాదు, డబ్బా మాత్రం ఖాళీగా వచ్చేది. ఈ దేశం వచ్చాక నేర్చుకున్న మొదటి విద్య, పోపు పెట్టే ముందు, వాసన పట్టకుండా చలికోట్లు తగిలించిన క్లోజెట్ తలుపు మూయడం. నా మటుకు ఆ సినిమాలో మ్యాజిక్ అంతా పక్కనపెడితే, తినే తిండే మనిషిని పట్టిస్తుందన్న సంగతి ఒక్కటీ నిజం. పట్టించడంలో రెండు అర్థాలూ ఉన్నాయి.

లైట్లు వేశాక మా పెద్దది ఇంకో మాట అంది. “ఆ మూడు రూల్స్ నీవే అమ్మా. బయటికెళ్లకు, ఎవర్నీ ముట్టుకోకు, నీ కోసం ఏమీ వాడుకోకు.” నవ్వుతూనే అంది. మొదటి రెండూ నిజమే, రాత్రిళ్లు స్నేహితుల ఇళ్లలో ఉండే స్లీప్ ఓవర్‌లకి పంపను, అబ్బాయిల విషయంలో నా మొహం చూస్తేనే తెలుస్తుంది. మూడోది దానికి ఎప్పుడు పెట్టాను? రాత్రంతా ఆలోచించాను. దానికి పెట్టలేదు. అది నన్ను చూసి రాసుకుంది.

ఆదివారం దానికి మొదటిసారి ఒంటరిగా కారు తీసుకెళ్లే రోజు. లైసెన్సు వచ్చి మూడు రోజులైంది. నానమ్మ పొద్దున్నే లేచి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించారు. ఎదురింటాయన కుక్కని తిప్పుతూ ఆగి చూశాడు. మా పెద్దది చెవులదాకా ఎర్రబడింది, కానీ నాలుగు టైర్లూ సరిగ్గా నిమ్మకాయల మీంచే పోనిచ్చింది. మధ్యాహ్నం క్షేమంగా తిరిగొచ్చాక నానమ్మ దాన్ని వంటింట్లో తూర్పు ముఖంగా కూర్చోబెట్టారు. గుప్పెట్లో కళ్లుప్పు, ఎండు మిరపకాయలు. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, దారిన పోయేవాళ్ల దిష్టి, నా దిష్టి, నీ అమ్మ దిష్టి అంటూ మూడు సార్లు తిప్పి, పొయ్యి మీద మూకుట్లో వేశారు.

చిమ్నీ ఫ్యాన్ వేయడం నేను మర్చిపోయాను. నిమిషంలో హాల్లో స్మోక్ అలారం మోగింది. చిన్నాడు చెవులు మూసుకుని బయటికి పరిగెత్తాడు. మా ఆయన కుర్చీ ఎక్కి దాన్ని పీకడానికి చూస్తున్నాడు, నేను టవల్‌తో విసురుతున్నాను. ఎంత దిష్టి తగిలితే మిరపకాయలు అంత ఘాటు లేకుండా కాలతాయని మా అత్తగారి నమ్మకం. అలారం ఆగాక ఆవిడ మనవరాలి వైపు తిరిగి అడిగారు.

“ఘాటు వచ్చిందా తల్లీ?”

దాని కళ్లు నీళ్లతో నిండి ఉన్నాయి. గొంతులో దగ్గు ఆపుకుంటోందని నాకు మెడ చూస్తేనే తెలుస్తోంది.

“రాలేదు నానమ్మా. అస్సలు రాలేదు.”

“చూశావా మరి, ఎంత దిష్టో!” అన్నారు నాతో మా అత్తగారు, మూకుడు దించుతూ. మా పెద్దది మెల్లగా నడుచుకుంటూ బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుంది. కొళాయి తిప్పిన చప్పుడు వినిపించింది, దాని వెనక దగ్గు.