బోరు ఎక్కడ వేద్దాం?

"మంచినీళ్ల బోరు ఎక్కడ వేద్దాం బాబూ?" అని మేస్త్రి అడిగేసరికి గుండె ఝల్లుమంది.

బరంపురంలో మా వీధి చివర, పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసిన షెడ్డు స్థలం అది. మూతపడి ఏళ్లయింది. ఇవాళ ప్లాట్లకు ముగ్గుతో గీతలు గీశారు. పార వేసిన చోటల్లా బూడిదరంగు మట్టి, మధ్యలో బ్యాటరీ పెంకుల ముక్కలు. ఆ కుప్ప మీదే పక్కింటి బుజ్జిగాడు గోలీలాడుతున్నాడు. ఎత్తుకొచ్చి సబ్బుతో రెండుసార్లు చేతులు కడిగాను. గోళ్లలో నలుపు పోలేదు.

"పైన ఎర్రమట్టి పోసేస్తే ఏటవుద్ది?" అంటాడు మేస్త్రి. మంచివాడే, తెలియక అన్నాడు. సీసం కుళ్లిపోదు, ఎండకి ఆవిరైపోదు. పిల్లల ఒంట్లో ఇంతవరకు చేరినా ఫరవాలేదు అనే మోతాదే లేదు.

2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాలకు నియమాలు తెచ్చింది. అనుమానం ఉన్న స్థలాల జాబితాను జిల్లా యంత్రాంగం కాలుష్య మండలికి పంపాలి. ఈ రాత్రే అర్జీ రాస్తున్నా.

వీధిలో సగం ఇళ్లకు తాళాలే, సూరత్ వెళ్లిపోయారు. ఇక్కడ మళ్లీ దీపాలు వెలగాలని నాకు లేదా? కానీ ముందు ఆ మట్టి తియ్యాలి.

రేపు బుజ్జిగాడికి రక్తపరీక్ష. వాళ్లమ్మతో నేనూ వెళ్తున్నా.