మసాలియాను ఎన్ని పేర్లతో వెతకాలి

బందరులో డిగ్రీ విద్యార్థులకు చరిత్ర చెబుతాను. తీరిక దొరికినప్పుడల్లా నేను చేసే పరిశోధనంతా ఒక్క వాక్యం చుట్టూ తిరుగుతుంది. క్రీ.శ. ఒకటో శతాబ్దంలో పేరు తెలియని వర్తకుడెవరో గ్రీకులో రాసిన ‘పెరిప్లస్ ఆఫ్ ది ఎరిత్రియన్ సీ’లో, 62వ ఖండంలో ఉందది. తూర్పు తీరాన మసాలియా అనే ప్రాంతం ఉందని, అక్కడ సన్నని నూలు బట్టలు విస్తారంగా తయారవుతాయని అంటాడాయన. ఆ మసాలియా మా కృష్ణా ముఖద్వార ప్రాంతమేనని చాలామంది పండితుల అభిప్రాయం.

దీని మీద ఎవరెవరు ఏమేం రాశారో చూద్దామని మొదటిసారి జేస్టోర్ అనే ఆన్‌లైన్ పరిశోధన పత్రికల భాండాగారం తెరిచి రోమ్, ఇండియా, నూలు అని ఇంగ్లీషులో మూడు మాటలు కొట్టాను. వేల ఫలితాలు వచ్చాయి. అమెరికా పత్తి తోటలు, లాంకషైర్ మిల్లులు, గాంధీజీ ఖద్దరు అన్నీ ఉన్నాయి, నాకు కావలసిందే లేదు. వారం రోజులు అదే తీరు.

మా వీధిలో లైబ్రేరియన్‌గా చేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక మాస్టారు ఉన్నారు. ఆయన దగ్గరికి వెళ్ళి గోడు చెప్పుకున్నాను. అంతా విని, “మన ఊరిని నువ్వేమంటావమ్మా?” అని అడిగారు.

“బందరు అంటాను మాస్టారూ.”

“బస్సు బోర్డు మీద?”

“మచిలీపట్నం.”

“పాత ఇంగ్లీషు రికార్డుల్లో?”

“మసూలిపటం.”

“మరి బందరు అని ఒక్క మాటే కొడితే మిగతా రెండు పేర్లతో ఉన్న కాగితాలు నీకెలా కనిపిస్తాయి?”

ఆ సాయంత్రమే కొత్త నోటుపుస్తకం తీసి పేర్ల పట్టిక మొదలుపెట్టాను. పెరిప్లస్‌లో మసాలియా, రెండో శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ గ్రంథంలో మైసోలియా. టాలెమీ చెప్పిన రేవు కొంటకొస్సులా, నాగార్జునకొండ శాసనంలో కంటకసెల, ఇప్పుడు మా పక్కనున్న ఘంటసాల. పెరిప్లస్‌కే లాటిన్‌లో ‘పెరిప్లస్ మారిస్ ఎరిత్రేయి’ అని పేరు, ఫ్రెంచిలో ‘పెరిప్ల్’. నూలు బట్టల గురించి రాసే గ్రీకు భాషా పండితులు చాలాసార్లు మూలంలోని మాటనే పట్టుకుంటారు: సిండోన్, ఒథోనియోన్. ఈ రెండు మాటలూ తెలియకుండా నూలు అని ఎంత వెతికినా ఆ వ్యాసాల గుమ్మం దాకా కూడా చేరలేం. పేర్లన్నిటినీ బ్రాకెట్లో పెట్టి మధ్యలో OR (‘లేదా’) అని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాయాలి. ఒకే మాటకు చివర మార్పులుంటే అక్కడ నక్షత్రం గుర్తు (*). గ్రీకు లిపిలో మాత్రం కొట్టకండి. పాత పత్రికల స్కాన్లలో గ్రీకు అక్షరాలను కంప్యూటర్ తరచూ ఇంకేదోగా చదువుకుంటుంది.

నా పనిని అన్నిటికంటే మార్చింది అంకెలు. ప్రాచీన గ్రంథాలను ఈ రంగంలో పేజీ నంబరుతో కాదు, ఖండం నంబరుతో పేర్కొంటారు. ఏ దేశంలో, ఏ భాషలో, ఏ ముద్రణ చదివినా ఆ నంబరు సాధారణంగా ఒకటే. టాలెమీ చెప్పిన మైసోలియా 7.1.15, అంటే ఏడో పుస్తకం, ఒకటో అధ్యాయం, పదిహేనో ఖండం. ఏటా 5 కోట్ల సెస్టర్సులు (రోమన్ నాణేలు) ఇండియాకు పోతున్నాయని రోమన్ రచయిత ప్లినీ వాపోయిన చోటు 6.101. ఆ అంకెను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి పక్కన ప్లినీ పేరు చేర్చి వెతికితే, జర్మన్ వ్యాసమైనా ఇటాలియన్ వ్యాసమైనా సరే, ఆ వాక్యాన్ని చర్చించిన పేజీయే ఎదురుగా వచ్చి నిలుస్తుంది. చిక్కల్లా పొట్టిపేర్లతోనే. ప్లినీ గ్రంథం ‘నాచురాలిస్ హిస్టోరియా’ను ఒకరు హెచ్.ఎన్. అంటారు, ఒకరు ఎన్.హెచ్. అంటారు, మరొకరు నాట్. అంటారు. పెరిప్లస్ ఒకచోట పి.ఎం.ఇ., ఇంకోచోట ‘పెరిప్ల్. ఎం. రుబ్ర్.’ ఇవన్నీ నా పట్టికలోకి ఎక్కాయి.

ఈ రంగానికి పెద్ద దిక్కు ‘లానే ఫిలోలోజిక్’ అనే గ్రంథసూచి. మరూజో అనే ఫ్రెంచి పండితుడు ప్రారంభించాడు, మొదటి సంపుటం 1928లో వచ్చింది. ఇప్పుడు ఆన్‌లైన్లో ఉంది కానీ చందా కట్టాలి, మా కాలేజీకి లేదు. జర్మనీలో చదువుతున్న నా పాత విద్యార్థిని ఒకమ్మాయి “మేడమ్, ఏం కావాలో రాసి పంపండి, మా లైబ్రరీలో చూసి చెబుతాను” అంది. మాటలతో వెతికితే తొమ్మిదే దొరికాయని మొదటి రోజు రాసింది. ఆ గ్రంథసూచిలోని వ్యాసాల సారాంశాలు అయిదు భాషల్లో ఉంటాయి, ఇంగ్లీషు మాట ఫ్రెంచి సారాంశాన్ని పట్టుకోలేదు. ప్రాచీన రచయితల సూచిక తెరిచి, రచయిత తెలియని గ్రంథం కాబట్టి పెరిప్లస్ పేరు కిందే చూడమన్నాను. మర్నాడు నాలుగు పేజీల జాబితా వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు.

చందా లేనివాళ్ళకూ దారులున్నాయి. జర్మన్ పురావస్తు సంస్థ లైబ్రరీల కేటలాగు జెనోన్ ఉచితం. సంకలనాల్లో దాగిన వ్యాసాలను కూడా అది విడివిడిగా చూపిస్తుంది, మామూలు కేటలాగులో సంకలనం పేరు ఒక్కటే ఉంటుంది. ఫ్రెంచి పత్రికలకు పెర్సే అనే వెబ్‌సైటు ఉంది. కొత్త పుస్తకం మంచిచెడ్డలు తెలియాలంటే 1990 నుంచి వస్తున్న బ్రిన్ మార్ క్లాసికల్ రివ్యూ ఉంది. షాఫ్ 1912లో చేసిన పెరిప్లస్ అనువాదం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎవరైనా దించుకోవచ్చు. కాకపోతే 1989లో ప్రిన్స్‌టన్ వేసిన కాసన్ ముద్రణ చూడకుండా షాఫ్ వ్యాఖ్యల మీద ఆధారపడొద్దు, మధ్యలో చాలా తేలింది. ప్రభుత్వ కాలేజీల వాళ్ళు పరిశోధన పత్రికల కోసం 2025లో మొదలైన ప్రభుత్వ ఉమ్మడి చందా పథకం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ గురించి తప్పక అడగండి. కేంబ్రిడ్జ్ పత్రికలు అందులో ఉన్నాయి, వాటిలో రోమన్ చరిత్ర పత్రికా ఒకటి.

నోటుపుస్తకంలో ఇప్పుడు నాలుగు గడులు గీస్తున్నాను: తేదీ, ఎక్కడ వెతికాను, ఏ మాటలు యథాతథంగా కొట్టాను, ఎన్ని వచ్చాయి. ఏమీ రాకపోతే సున్నా అని కూడా రాస్తాను. పరీక్షల డ్యూటీలు పడి నెల విరామం వచ్చినప్పుడు, ఆ సున్నాలే నన్ను వెతికినచోటే మళ్ళీ వెతక్కుండా కాపాడాయి. నిన్న రాత్రి చివరి వరుస: జెనోన్, కొంటకొస్సులా, సున్నా. దాని కింద పెన్సిలుతో, ‘కె బదులు సి పెట్టి చూడాలి’.