నెల్లూరు చైనాలో కలిసిన పది రోజులు

"మా కోడలు నెల్లూరు మూలాపేటలోనే ఉండాది గదయ్యా. చైనాకెప్పుడు పోయింది?"

చెన్నైలో గ్రీమ్స్ రోడ్డు వెనక సందులో ఒక లాడ్జి. రిసెప్షన్ దగ్గర రూమ్ బిల్లు పట్టుకుని ఓ పెద్దాయన ఈ మాట అడుగుతుండగా నేను లోపలికి అడుగుపెట్టాను. మేనేజర్ పొద్దున్నే ఫోన్ చేసి అర్జెంటుగా రమ్మన్నాడు, ఎందుకో చెప్పలేదు. బిల్లులో టెలిఫోన్ అని ఉన్నచోట చైనా, పదకొండు నిమిషాలు, 198 రూపాయలు. ఆ లెక్క కట్టే సాఫ్ట్‌వేర్‌ను పది రోజుల కిందట అక్కడ పెట్టి వెళ్లింది నేనే.

అది 2006 ఏప్రిల్. నెల్లూరు నుంచి వచ్చి ఎనిమిది నెలలైంది. ట్రిప్లికేన్ మేన్షన్‌లో ముగ్గురం ఒక గది. 1953 దాకా మా జిల్లా మద్రాసు రాష్ట్రంలోదే, మా తాతకు ఇది రాజధాని. కోర్టు పనికీ కళ్లజోడుకీ పొద్దున వచ్చి రాత్రికి తిరిగిపోయేవాడు. నాకు మాత్రం ఊరు ఎస్టీడీ దూరం.

ఆఫీసులకూ లాడ్జీలకూ కాల్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టడం నా పని. గదుల ఫోన్లను బయటి లైన్లకు కలిపే డబ్బాను ఈపీఏబీఎక్స్ అంటారు. దాని వెనక కంప్యూటర్‌కు వైరు కలిపే సీరియల్ పోర్టు ఉంటుంది. ఎవరైనా ఫోన్ పెట్టేయగానే అందులోంచి ఒక లైను వస్తుంది: తేదీ, టైము, ఏ గది, ఏ లైన్, ఏ నంబర్, ఎంతసేపు. అంతే. రూపాయల సంగతి డబ్బాకు తెలీదు, అది మేం నింపాలి. ముందు ప్రొవైడర్లు: ఒకటి నుంచి ఆరు ప్రభుత్వ లైన్లు, ఏడూ ఎనిమిదీ ప్రైవేటువి. తర్వాత ఒక్కో కంపెనీకి ఒక రేట్ టేబుల్: ఏ అంకెలతో మొదలైతే ఏ ఊరు, పల్స్ (అంటే ఒక్కో చార్జీ పడే వ్యవధి) ఎన్ని సెకన్లు, పల్స్‌కు ఎంత, దానిమీద లాడ్జి ఎంత వేసుకుంటుంది. ఈ లాడ్జి రెట్టింపు వేసుకునేది.

ఆ మార్చి 1 నుంచే బీఎస్‌ఎన్‌ఎల్ వన్ ఇండియా ప్లాన్ వచ్చి దేశంలో ఎక్కడికైనా నిమిషం రూపాయి అయింది. అంతకుముందు దూరాన్ని బట్టి శ్లాబులు, రాత్రిపూట రాయితీలు. ఆ టేబుళ్లు నింపి మా సీనియర్లు కళ్లు పోగొట్టుకున్నారు, నేను బతికిపోయాను. అయినా 04 అంటే తమిళనాడు అని ఒక్క ముక్కలో రాసేస్తే కుదరదు. 040 హైదరాబాద్, 0484 కొచ్చి. ఎక్కువ అంకెలు ఎక్కడ కలిస్తే ఆ వరసనే పట్టాలి. ఇదంతా నాకు కంఠతా వచ్చు. దెబ్బ తిన్నది ఇక్కడ కాదు.

గదిలోంచి బయటికి ఫోన్ చేయాలంటే ముందు సున్నా నొక్కి లైన్ తీసుకోవాలి కదా. కొన్ని డబ్బాలు ఆ సున్నాను రికార్డులో రాయవు, కొన్ని రాస్తాయి. రాసే రకమైతే దాన్ని తీసేసి చదవమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పాలి, అందుకో చిన్న గడి ఉంటుంది. నేను అంతకుముందు చేసిన నుంగంబాక్కం ఆఫీసులో డబ్బా రాయని రకం. బద్ధకించి ఆ సెట్టింగ్స్ ఫైలునే పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇక్కడ ఎక్కించాను. గడి ఖాళీగా ఉండిపోయింది.

నెల్లూరు కోడ్ 0861. ముందు ఇంకో సున్నా చేరితే 00861. రెండు సున్నాలంటే ఐఎస్‌డీ, అంటే విదేశీ కాల్. 86 అంటే చైనా. సాఫ్ట్‌వేర్ తప్పేం లేదు, దానికి చెప్పింది అది చేసింది.

లాగ్ తెరిచి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీలేదు. గుంటూరు 0863, విజయవాడ 0866 కూడా చైనాలోనే కలిసిపోయాయి. 08562 కడప లావోస్‌కు, 08554 అనంతపురం కంబోడియాకు, హైదరాబాద్ రుమేనియాకు వెళ్లిపోయాయి. వైజాగ్ 0891. 891తో ఏ దేశమూ లేదు కాబట్టి అది 'తెలియని నంబర్' కింద సున్నా రూపాయలతో పడింది. వైజాగ్ వాళ్లు పది రోజులు ఫ్రీగా మాట్లాడుకున్నారు. పక్క మెడికల్ షాపుకు చేసిన లోకల్ కాల్ 28తో మొదలవుతుంది, సున్నా చేరి 028 అయి గుజరాత్ ఎస్టీడీగా పడింది. లోకల్ అయితే మూడు నిమిషాలకు రూపాయి, ఎస్టీడీ అయితే నిమిషానికి రూపాయి. తేడా చిల్లర కాబట్టి ఎవరూ అడగలేదు. నేను టెస్ట్ చేసింది కూడా ఒకే ఒక్క కాల్, నా సెల్లుకు. ఏదో ఒక మొత్తం పడింది, చాలనుకున్నాను.

గడిలో సున్నా కొట్టి మళ్లీ లెక్క కట్టించాను. 198 కాస్తా 22 అయింది. కొత్త బిల్లు ప్రింట్ తీసి, "తప్పు నాదే పెద్దాయనా, నాదీ నెల్లూరే" అన్నాను. ఊరిపేరు చెబితే తిట్లు తగ్గుతాయని ఆశ. ఆయన తిట్టలేదు. జేబులోంచి కళ్లజోడు తీసి ఒక్కో లైనూ వేలితో చూసుకుంటూ వచ్చి ఆగాడు.

"ఈ నాలుగూ కూడా కొట్టెయ్ అబ్బయ్యా. ఎవురూ ఎత్తలా."

ఒక్కోటి ఒక్క నిమిషం, రెండేసి రూపాయలు. మొత్తం ఎనిమిది. నూట డెబ్భై ఆరు తగ్గించాక ఈ ఎనిమిది కోసం పేచీ ఏంటని మేనేజర్ నవ్వాడు. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది. కానీ ఈ ఎనిమిది రూపాయల సంగతి చైనా కంటే కష్టం. పాత రాగితీగ లైన్‌లో అవతలివాళ్లు ఫోన్ ఎత్తారో లేదో డబ్బాకు తెలిసే మామూలు దారి ఇది: ఎత్తగానే టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి లైన్‌లో పోలారిటీ, అంటే రెండు తీగల ప్లస్సూ మైనస్సూ, తిప్పాలి. ఆ సౌకర్యం లైన్‌కు అడిగి పెట్టించుకోవాలి. ఈ లాడ్జి పెట్టించుకోలేదు. అలాంటిచోట డబ్బా ఊహించుకుంటుంది, ఇన్ని సెకన్లు దాటితే ఎత్తినట్టే అని. మేం పెట్టింది ఇరవై. ఇంట్లో ముసలామె పెరట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి ఇరవై సెకన్లు ఎప్పుడో దాటిపోతాయి. రాకపోయినా బిల్లు పడుతుంది.

"ఎత్తలేదని ఎట్లా తెలుస్తుంది సార్?" అన్నాడు మేనేజర్ నాతో.

పెద్దాయన సంచిలోంచి స్కానింగ్ రిపోర్టు కవరు తీశాడు. వెనకవైపు పెన్సిల్‌తో వరసగా రాసుకున్నాడు: తేదీ, టైము, ఎత్తలా. తేదీ, టైము, ఎత్తలా. నాలుగు సార్లు. ఐదోది: కోడలు, ఏడు నిమిషాలు. నా లాగ్‌తో పోల్చి చూశాను. ఆయన చేతి గడియారం రెండు నిమిషాలు ముందుంది. అంతకుమించి తేడా లేదు. నాలుగు రికార్డులూ తీసేశాను. పద్నాలుగు రూపాయలు లెక్కపెట్టి బల్లమీద పెట్టి, పైన గదిలో తన భార్య ఒక్కతే ఉందంటూ మెట్లెక్కాడు.

పోలారిటీకి అప్లికేషన్ పెట్టండని మేనేజర్‌కు చెప్పాను. "ఎందుకు తంబీ, అందరూ ఇలా రాసుకుంటారా?" అన్నాడు. ఆయనది చెన్నైలోనే పుట్టి పెరిగిన తెలుగు, లెక్క మాత్రం ఓనర్‌ది. నేను ఆ ఇరవైని నలభై ఐదు చేసి వచ్చేశాను. దానివల్ల ఎత్తి రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసిన కాల్స్ కూడా లాడ్జికి నష్టమే. తప్పే. ఆఫీసులో చెప్పలేదు.

ఇప్పటికీ చెన్నైలోనే ఉన్నాను. కొత్త డిజిటల్ లైన్లలో ఎత్తింది లేనిది లైనే చెబుతుంది, ఆ బాధ చాలావరకు పోయింది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్‌లోంచి మొబైల్‌కు చేస్తే ముందు సున్నా కొట్టాలన్నారు. ఆ వారం పెరుంగుడిలో ఒక కొత్త కుర్రాడు టెన్షన్‌తో ఫోన్ చేశాడు, క్లయింట్ స్టాఫ్ అందరూ ఇరాన్‌కు మాట్లాడుతున్నారని. లైన్ కోసం ఒక సున్నా, కొత్త సున్నా, తర్వాత 98. గడి చూడు బాబూ అన్నాను.

రాగితీగ లైన్లు మిగిలినచోట నా టెస్ట్ మారలేదు. రెండు కాల్స్, రెండూ నెల్లూరు ఇంటి ల్యాండ్‌లైన్‌కే. మొదటిది అమ్మ ఎత్తకూడదు, మోగనివ్వాలి. రెండోది ఎత్తి ఒక నిమిషం మాట్లాడాలి. ముందురోజే చెప్పిపెడతాను, సరేనంటుంది. మొదటిది మూడు రింగులకే ఎత్తేస్తుంది.

"ఎత్తొద్దన్నా గదమ్మా."

"మోగతా ఉంటే ఎట్టరా ఊరుకునేది. తిన్నావా?"